సారు ఎత్తని చెయ్యి

ఎండు నిమ్మకాయ వేసి మరిగించిన నల్ల టీ వాసన తగిలితే చాలు, రాజేశం సారు గుర్తుకొస్తారు. నిన్న మా ఆవిడ అదే పెట్టింది. పదేళ్ల కిందట ఒమన్‌లో, అల్ మవాలేలోని మా కంపెనీ రూమ్‌లో ఆయన రోజూ ఆ టీయే తాగేవారు. జగిత్యాల వైపు ప్రైవేటు కాలేజీలో సివిక్స్ చెప్పిన మనిషి. కాలేజీ మూతపడితే వచ్చి మా సైట్‌లో స్టోర్ చూసుకునేవారు. రూమ్‌లో ఎనిమిది మందిమి. వంట ఎవరిది, టీవీలో ఏం పెట్టాలి, అన్నీ శుక్రవారం అన్నాలు తిన్నాక చేతులెత్తి తేల్చుకునేవాళ్లం. ఆ పద్ధతి పెట్టింది ఆయనే. పెట్టినాయనే దాన్ని వెక్కిరించేవారు కూడా.

"ఎనకట గ్రీకు దేశంల ఓ గురువుండె" అనేవారు. "ఓడ నడపాలంటె ఓట్లేస్తరా, సముద్రం తెలిసినోన్ని అడుగుతరా అని జనాన్ని సతాయించిండు. ఆఖరికి ఆ జనమే ఓట్లేసి ఆయనకు విషం తాపిన్రు." మేం నవ్వి, టీవీ ఓటుకు చేతులెత్తేవాళ్లం.

ఓ శుక్రవారం మా రూమ్‌లోనే ఉండే ఓదెలు సంగతి వచ్చింది. నెల రోజులుగా దగ్గుతున్నాడు. టీబీ అని ఎవరో అంటే అందరం నమ్మాం. రూమ్ ఖాళీ చేయించాలని ఓటు పెట్టాం. ఓదెలు మా ఊరివాడే. నా పక్కనే కూర్చుని కంచం వైపు చూస్తున్నాడు. అయినా నా చెయ్యి లేచింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. సారు చెయ్యి మాత్రం ఒళ్లోనే ఉంది.

"డాక్టర్‌ను అడిగిన్రా?" అన్నారు.

"అయితె మీరే చెప్పున్రి సార్, మీ మాటే ఇంటం" అన్నాను కోపంగా.

"నేనొక్కన్నే చెప్పుడు మొదలువెడితె, రేపు నేను తప్పువోతె దిద్దేదెవరు? ఓటు ఓటే. ఓదెలు పోతడు. నేను గూడ పోత."

పరుపు చుట్టుకుని అతనితో పాటు వెనకనున్న సామాన్ల గదిలోకి వెళ్లిపోయారు. మర్నాడు డ్యూటీకి సెలవు పెట్టి క్లినిక్‌కు తీసుకెళ్లారు. రిపోర్టు వచ్చేదాకా నాలుగు రోజులు, ఏసీ లేని ఆ గదిలో అతని పక్కనే పడుకున్నారు. టీబీ కాదు, సిమెంటు దుమ్ము పడక వచ్చిన దగ్గు. మళ్లీ చేతులెత్తాం, ఇద్దరినీ రమ్మని. ఆ మాట చెప్పడానికి నేనే వెళ్లాను.

"ఈసారి ఎవర్నడిగి ఎత్తిన్రు?" అన్నారు సారు, టీ గ్లాసు నా చేతికిస్తూ.

"డాక్టర్‌ను, సార్."

"పాసైనవ్ పో. ఓదెలును గూడ అడుగు, వస్తడో రాడో."

అది నాకు తట్టనే లేదు. అడిగాను. ఓదెలు లేచి పరుపు చుట్టాడు. దాని ఒక కొస నా చేతికిచ్చాడు.

ఇప్పుడు కరీంనగర్‌లో మా అపార్ట్‌మెంట్ మీటింగుల్లో అందరికంటే ఆలస్యంగా లేచే చెయ్యి నాదే. ఎవరి గురించి ఎత్తుతున్నామో ఆ మనిషిని ముందు పిలవండి అంటాను. నసగాడని పేరొచ్చింది. పోనీలే అనుకుంటాను. ఓదెలు కంచం వైపు చూస్తూ కూర్చున్న ఆ మధ్యాహ్నం వాళ్లకు తెలియదు.