నర్సమ్మ అడిగిన పేరు

"మీ ఆయన పేరు చెప్పు బిడ్డా," అని నర్సమ్మ మళ్లీ అడిగింది. ఆమె చేతిలో మందు నింపిన సూది ఉంది. నల్లగొండ దవాఖానలో మా ఆయన జ్వరంతో స్పృహ లేకుండా పడి ఉన్నాడు.

"మాది కట్టంగూరమ్మా," అన్నాను.

"పక్క మంచమాయనది గూడ కట్టంగూరే. ఆయన మందు వేరు, మీ ఆయన మందు వేరు. నేను ఊరికి సూదియ్యాల్నా?"

ఆమె అంతే. రోజూ చూసే మనిషికైనా సరే, మందు ఇచ్చే ముందు తన గడ్డం ఎత్తి పేరు అడిగేది. వినందే చెయ్యి కదిలేది కాదు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అవ్వ చెప్పేది. చెబితే ఏమవుతుందో, చెప్పకపోతే ఏమవుతుందో!

"చీటీల సూడరాదమ్మా?"

"చీటీలు తారుమారైతయ్. కట్టుకున్నదానివి, నువ్వు తారుమారు గావు గద!"

కళ్లు మూసుకుని "లింగయ్య" అన్నాను. ఆమె వెంటనే సూది వేసింది. ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టి, ఊపిరి ఆగుతుందేమోనని తెల్లారేదాకా చూస్తూ కూర్చున్నాను.

పొద్దున నర్సమ్మ మందు తెచ్చింది. ఆమె అడగకముందే "లింగయ్య!" అన్నాను. మా ఆయన కళ్లు తెరిచాడు.

"ఏందే, పేరు వెట్టి పిలుస్తున్నవ్?"

ఇంకోసారి పిలిచాను.