గడ్డి కలిపిన గోడ

నాకు రాయడం సరిగా రాదు. నాలుగో తరగతితోనే బడి మానేశాను కాబట్టి వత్తులూ దీర్ఘాలూ తప్పిపోతే ఏమీ అనుకోవద్దని ముందే అడుగుతున్నాను. మొన్న నేను పనిచేసే నూజివీడు మామిడికాయల యార్డులో వాన పడి, కాయల కింద పరిచే వరిగడ్డి తడిసిపోయింది. రెండ్రోజులాగి కుప్ప తిరగేస్తే లోపలి నుంచి వెచ్చగా, పుల్లగా కుళ్ళువాసన కొట్టింది. పక్కవాళ్ళు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం మాణిక్యమ్మ పిన్ని గుర్తొచ్చింది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

పిన్ని నాకు చుట్టం కాదు. రెడ్డిగూడెం దగ్గర మా పేటలో మట్టిగోడలు పెట్టే మేస్త్రి. ఆడమేస్త్రి ఏంటని నవ్వినవాళ్ళే తర్వాత తమ ఇళ్ళకి ఆమెను పిలిపించుకున్నారు. నేను ఆమె ముఠాలో బురద తొక్కేదాన్ని. ఇది ఎనభైల్లో సంగతి. మామిడికాయల పని, వరికోతలు అయిపోతే మాకు ఊళ్ళో పనుండేది కాదు, పిల్లల్ని వెంటేసుకుని వలస పోయేవాళ్ళం. మా పెద్దపిల్ల అప్పుడే బడిలో చేరింది. దాన్ని మాన్పించి తీసుకుపోవాల్సి వస్తుందేమోనని నాకు ఒకటే దిగులుగా ఉండేది.

ఆ రోజుల్లోనే ఒక తోట కామందు పిన్నిని పిలిపించారు. ఆయన తోట పక్కన, రోడ్డు కోసం గ్రావెల్ తవ్వేసిన పెద్ద గొయ్యి ఉంది. అడుగున నేల గట్టిదే. కానీ వాననీళ్ళు పక్కల గ్రావెల్లోంచి జారిపోయేవి.

"గొయ్యి చుట్టూ గట్టినేల తగిలేదాకా కందకం తీసి, చెరువు నల్లమట్టి బురద నింపాలమ్మా. నేల లోపల గోడన్నమాట," అన్నారాయన. "నీళ్ళు నిలిస్తే కొత్త మామిడి అంట్లు వేస్తాను. మీ ముఠాకి ఏడాది పొడుగునా పని."

"నేల లోపల గోడేంటండీ, పందికొక్కులు కాపురముంటాయా?" అంది పిన్ని. అందరం నవ్వాం, కామందు కూడా.

నాట్లు వేసేటప్పుడు నడిచినట్టు, పిన్ని మమ్మల్ని వెనక్కి నడిపిస్తూ బురద తొక్కించేది. "ముందుకి నడిస్తే నీ అడుగు నీకు కనపడదే. వెనక్కి నడు. ఎక్కడ సందు మిగిలిందో కళ్ళెదురుగా ఉంటది," అనేది. మొదట తూర్పు పక్క నింపాం. ఇళ్ళ గోడలకి కలిపినట్టే బురదలో వరిగడ్డి కలిపించింది. మాకెవరికీ వింతగా అనిపించలేదు. గోడన్నాక గడ్డి ఉండాలి కదా. తెచ్చిన గడ్డి అక్కడితో అయిపోతే మిగతా పక్కలన్నీ ఉత్త బురదతో నింపేశాం.

వానలకి గొయ్యి నిండింది. కార్తీకం దాటేసరికి నీళ్ళు తగ్గడం మొదలుపెట్టాయి. చూస్తే తూర్పు పక్క తోటలో నేల చిత్తడిగా ఉంది. ఎండ్రకాయలు బొరియలు పెట్టి తొలిచేశాయని కాపలా అతను తేల్చేశాడు. "వాటినెవరు ఆపుతారులే," అని కామందు కూడా తలూపారు. పిన్ని మాత్రం పార తీసుకుని ఆ పక్కన తవ్వి, లోపలి బురద పిడికెడు తీసి వాసన చూసింది. ఆ చెయ్యే కామందు ముందు చాపింది.

"ఎండ్రకాయలు కాదండీ, గడ్డి. నేనే కలిపించాను. గోడన్నారు కదా, అలవాటుగా చెయ్యి గడ్డి మీదకి పోయింది. ఇంటిగోడ ఎండుతుంది గనక, బీట తియ్యకుండా గడ్డి పట్టుకుంటది. ఇది ఎప్పుడూ తడిలో ఉండే గోడ. గడ్డి కుళ్ళి, అదున్నచోట నీళ్ళకి దారి పడింది."

నేను గబుక్కున ఆమె కొంగు లాగి, "ఊరుకో పిన్నీ! ఎండ్రకాయలంటున్నారుగా. పని పోతే నా పిల్ల బడి ఏంగాను?" అన్నాను చిన్నగా.

ఆమె మాత్రం గట్టిగానే అంది. "నోరు లేదని ఎండ్రకాయల మీద పెడతామా? ఇప్పుడు ఊరుకుంటే ఎండలకి గొయ్యి ఎండిపోద్ది. అప్పుడు నీ పిల్లని ఏ బడికి పంపుతావే?"

కామందు ఆ బురద తన చేతిలోకి తీసుకుని వాసన చూశారు. "మరి ఆ పక్క మళ్ళీ ఎవరు పెడతారు?" అన్నారు.

"పాడు చేసినదాన్నే పెట్టనివ్వండి. ఎక్కడ పాడయిందో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

"సరే మేస్త్రమ్మా. ఈసారి గడ్డి గేదెలకి వెయ్యి," అన్నారాయన.

నీళ్ళు అడుగంటాక తూర్పు పక్కంతా తవ్విపోశాం. ఆ వాసన అన్నం తినేటప్పుడు కూడా చేతుల్ని వదిలేది కాదు. కొత్త బురద తెచ్చి మళ్ళీ వెనక్కి నడుస్తూ తొక్కాం. ఆ ఏడు మళ్ళీ వానలొచ్చి గొయ్యి నిండింది. ఆ తర్వాతి వేసవిలో రోళ్ళు పగిలే ఎండల్లో కూడా అందులో నీళ్ళున్నాయి. కుండలతో ముంచి అంట్లకి పోస్తుంటే, మా పెద్దది బడి నుంచి పలక ఊపుకుంటూ గట్టు మీదకొచ్చింది. పిన్ని దాన్ని పిలిచి, "గోడ అని రాసి చూపించవే, నా కొంప ముంచిన మాట ఎట్టా ఉంటదో చూస్తాను," అంది. అది రాసింది. పిన్ని పలకని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో గడ్డెక్కడా లేదే!" అని పకపకా నవ్వింది.

ఇప్పుడు పిన్ని లేదు. యార్డులో కాయలు పాడైతే లారీవాడనో, ఎండలనో ఎవరో ఒకరి పేరు నా నోటిదాకా వస్తుంది. ఎండ్రకాయలా, గడ్డా అని నన్ను నేను అడిగాకే నోరు తెరుస్తాను. చాలాసార్లు గడ్డే.

ఈ కాయితం కూడా చివరి నుంచి వెనక్కి చదువుకుంటూ దిద్దుకున్నాను. అయినా ఎక్కడో కాస్త గడ్డి మిగిలే ఉంటుంది. చదివినవాళ్ళు దాన్ని ఏరేసి నన్ను మన్నించండి. అది ఎండ్రకాయల పని కాదు, నాదే.