గేదె తిన్న మ్యుటేషన్

చదువుకున్న మనిషి రెండే రోజుల్లో ఎంత ఘోరం చేయవచ్చో తెలుసుకోవాలంటే ఇది చదవండి. చదువు రానివాళ్లు ఇంత నాశనం చేయలేరు. దీనికి అగ్రికల్చర్ డిప్లొమా ఉండాలి.

మాది గుడివాడ దగ్గర విత్తనపు వరి పండించే ఇల్లు. చేలో వేరే రకం మొక్క, అంటే కేళీ, ఒక్కటి కనపడినా మా నాన్నకు అన్నం సహించదు. నాకు నడక వచ్చిందీ, కేళీలు పీకడం వచ్చిందీ ఒకే ఏడాది. అలాంటి నన్ను ప్రమీల మేడమ్ తన పరిశోధన మొక్కజొన్న మడికి కాపలా పెట్టారు. ఆవిడ పిహెచ్‌డి మొత్తం ఆ మడి మీదే ఉంది.

మేడమ్ ఏదో పనిమీద బందరు బస్సెక్కి, "కరుణా, పూత వస్తోంది. మడి జాగ్రత్త. ఎల్లుండి వచ్చి ఫొటోలు తీస్తాను" అన్నారు.

"మీరు నిశ్చింతగా వెళ్లండి మేడమ్" అన్నాను. ఆ మాట వినగానే ఆవిడ బస్సు దిగిపోవాల్సింది.

మర్నాడు ఉదయం మడిలోకి వెళ్లాను. మొక్కజొన్నకు మగపూత నెత్తిన, ఆడపూత నడుమున ఉంటుంది. మా ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. అక్కడేమో పదిహేడు మొక్కలకు పుప్పొడి రాల్చాల్సిన నెత్తిమీద పొత్తుకుండే పీచు! సిగ్గు లేకుండా జుట్టు విరబోసుకుని నిలబడ్డాయి. నా వంశరక్తం మరిగిపోయింది. పదిహేడూ వేళ్లతో సహా పీకి, మోపు కట్టి, గట్టు పక్కనే ఉన్న సుబ్బులత్తయ్యగారి గేదె ముందు పడేశాను.

ఆ మర్నాడు పొద్దున్నే మేడమ్ వచ్చారు. ఆ గేదె పాలతోనే టీ పెట్టి ఇచ్చాను.

"పాలు భలే చిక్కగా ఉన్నాయే!" అన్నారు.

"ఉండవా మేడమ్? మన మడిలో మేతే కదా."

"మన మడిలో మేత ఏమిటి?"

"కేళీలు మేడమ్! నెత్తిన పీచు వచ్చిన దరిద్రాలు. ఒక్కటి కూడా మిగల్చలేదు."

ఆవిడ అరవలేదు. గ్లాసు మెల్లగా గట్టు మీద పెట్టారు. నాకు అప్పుడే భయం వేసింది.

"కరుణా, ఒక్క జన్యువు మారితే మగపువ్వు కావాల్సింది ఆడపువ్వు అవుతుంది. ఆ మ్యుటేషన్ కోసమే నేను మూడేళ్లుగా ఇక్కడ ఎండుతున్నాను. నువ్వు పీకినవే నా పిహెచ్‌డి."

ఇద్దరం పరుగెత్తాం. గేదె దగ్గర ఒకే ఒక్క మొక్క మిగిలింది, దాని తల కూడా సగం గేదె నోట్లో ఉంది. నేను లాగాను. గేదె కూడా లాగింది.

"పెట్టిన తిండి నోట్లోంచి లాక్కుంటారేంటమ్మా? పాపం తగులుద్ది!" అంది సుబ్బులత్తయ్య.

"అది మేడమ్‌గారి పిహెచ్‌డి అండీ!"

"అందుకేనా, నిన్నట్నుంచి ఆపకుండా నెమరేస్తానే ఉంది!"

మొక్క దక్కింది, తల సగమే దక్కింది. నేను గట్టు మీద కూలబడి నిజంగానే ఏడ్చాను.

"ఏడుపు ఆపి కాగితం సంచులు తీసుకురా. నువ్వు మంచివని వదిలేసిన మొక్కలు వీటి తోబుట్టువులే. చాలావాటిలో ఆ మార్పు బయటపడకుండా దాక్కుని ఉంటుంది. దేని పుప్పొడి దానికే పడితే పిల్లల్లో బయటికొస్తుంది" అన్నారు మేడమ్.

వారం రోజులు ఒక్కో మొక్క పూతకు సంచి తొడిగి, పుప్పొడి పట్టి, దాని పీచు మీదే చల్లాను. చెమటతో పుప్పొడి అంటుకుని నేనే పసుపు ముద్దలా తయారయ్యాను. ఆ గింజలు వేసిన తర్వాతి పంటలో చాలా సాళ్లలో నాలుగింట ఒకటి చొప్పున మొక్కలు నెత్తిన పీచుతో పూతకొచ్చాయి. వాటిని చూసి ఆనందంతో ఏడ్చిన మనిషి కృష్ణా డెల్టాలో నేనొక్కదాన్నే.

మేడమ్ పిహెచ్‌డి పరీక్ష రోజున నేనూ వెనక వరసలో కూర్చున్నాను. పరీక్షకులుగారు మొదటి పంట తాలూకు ఒకే ఒక్క ఫొటో దగ్గర ఆగిపోయారు.

"పైభాగం ఒక పక్క అసలు లేదే! ఇది ఇంకో మ్యుటేషనా అండీ?"

మేడమ్ ఒకసారి నావైపు చూశారు.

"కాదండీ. గేదె."

కావున సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ చేలో ఏ వింత మొక్క కనపడినా ముందు దానికి నమస్కారం పెడతాను. తర్వాత మేడమ్‌కు ఫోన్ చేస్తాను. ఆవిడ ఎత్తేదాకా చేతులు వెనక్కి కట్టుకుని, ఆ మొక్కకూ ఊళ్లో ఉన్న గేదెలన్నిటికీ మధ్య నిలబడతాను.