సుగుణ చెవుల కొలత

కరోనా వెనక్కి తగ్గి, పెళ్లిళ్లలో పాటకచేరీలు మళ్లీ మొదలైన ఏడాది. నెల్లూరులో చెవి మిషన్లు అమర్చే నా చిన్న సెంటర్‌కు దొరవారిసత్రం వైపు నుంచి ఒక జంట వచ్చింది. సుగుణ పాడుతుంది, భర్త శీనయ్య కీబోర్డు వాయిస్తాడు. పులికాట్ సరస్సులో చేపలు పట్టే కుటుంబం. వేట లేని రోజుల్లో పాటే వాళ్లకు కూడు పెడుతుంది.

స్టేజీ మీద స్పీకర్ల హోరులో తన గొంతు తనకే వినపడక, సుగుణ ఏటికేడు సౌండ్ పెంచుకుంటూ పోయింది. ఇప్పుడు చెవుల్లో ఎప్పుడూ గుయ్‌మనే మోత. సౌండ్ తగ్గించుకో, లేదంటే పాట మానుకో అని డాక్టరు తేల్చి చెప్పారట. మిగిలిన దారి, చెవి కొలతకు చేయించుకునే ఇయర్‌ఫోన్లు. అవి బయటి హోరును ఆపి, తన గొంతును తక్కువ సౌండ్‌లోనే వినిపిస్తాయి.

ధర వినగానే శీనయ్య నన్ను అనుమానంగా చూశాడు. "ఏందన్నా, చింతగింజంత లేదు, దానికి అంత రేటా?"

ఈ ప్రశ్న ఎవరడిగినా నాకు హుషారే. "ఒక మనిషి రెండు చెవులే ఒకేలా ఉండవయ్యా. చెవిలో మెత్తటి ముద్ద నింపి, గట్టిపడ్డాక అచ్చు తీస్తాం. దాన్ని ఇంప్రెషన్ అంటారు. ఆ అచ్చుకు సరిపడా చెన్నై ల్యాబులో గుల్ల చేసి, లోపల బుల్లి స్పీకర్లు పొదిగి, చేత్తో అరగదీస్తారు. కుదరకపోతే ఇంకెవరి చెవికీ పనికిరాదు" అని పాఠం చెప్పాను. కొత్త వలలు కొనడం వాయిదా వేసుకుని ఇద్దరూ సరేనన్నారు.

ముద్ద నింపేటప్పుడు, "నోరు మూసుకుని కదలకుండా కూర్చో తల్లీ" అన్నాను. వినికిడి తగ్గిన పెద్దవాళ్లకు ఇరవై ఏళ్లుగా నేను చెప్పే మాటే. వచ్చినప్పటి నుంచి గలగలా మాట్లాడుతున్న మనిషి, చెప్పినట్టే బుద్ధిగా కూర్చుంది.

ఇయర్‌ఫోన్లు తీసుకెళ్లిన పది రోజులకే తిరిగొచ్చారు. జాతరలో గొంతెత్తినప్పుడల్లా హోరు చెవుల్లోకి దూరిందట. సగం పాటలో ఆగిపోయిందట.

"నీ తప్పేం లేదులే అన్నా. నా చెవులే అయిపోయినాయి. ఇంక పాడను" అంది సుగుణ.

అవి చెవుల్లో ఉండగానే ఒక ముక్క పాడమన్నాను. పై స్థాయికి వెళ్లి నోరు పెద్దగా తెరవగానే ఇయర్‌ఫోన్ పక్కన సన్నటి సందు కనిపించింది. దవడ కదిలితే చెవి గొట్టం ఆకారం మారుతుంది. అందుకే పాడేవాళ్లకు పళ్ల మధ్య బైట్ బ్లాక్ అనే చిన్న దిమ్మ పెట్టి, నోరు తెరిపించి కొలవాలి. నేను చదువుకున్నదే. అలవాటు కొద్దీ, పాడే మనిషి నోరు మూయించి కొలిచాను.

"నీ చెవులకేం కాలేదమ్మా. తప్పు నాది" అని చెప్పడానికి నిజంగా సిగ్గేసింది. మళ్లీ కొలిచి, నా ఖర్చుతోనే కొత్త జత చేయించాను.

అవి వచ్చాక నా గదిలోనే పరీక్ష పెట్టాం. శీనయ్య కీబోర్డు ముందు కూర్చున్నాడు. కచేరీల్లో పాట పేరు చెప్పగానే ఆపేసే తన మైకును ఈసారి ఆపడం మరిచిపోయాడు; అందులో పలికేదీ సుగుణ ఇయర్‌ఫోన్లలోకే వెళ్తుంది. సుగుణ పాడింది, పై స్థాయికి వెళ్లింది, ఉన్నట్టుండి ఆగిపోయింది. మళ్లీ కుదరలేదేమో అనుకున్నాను.

"ఎవురయ్యా నా వెనక పాడేది?" అంది.

శీనయ్య తల దించుకున్నాడు. "నేనే."

"ఎప్పట్నుంచి?"

"మన మొదటి కచేరీ నుంచి పాడతానే ఉండా. ఆ హోరులో నీకు వినపడలా."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మైకు ఆపబాక" అని, పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. నేను కాగితాలేవో వెతుకుతున్నట్టు బల్ల వైపు తిరిగాను.

ఇప్పుడు పాడేవాళ్లు ఎవరొచ్చినా ముందు ఒక పాట పాడించుకుంటాను. ఆ తర్వాతే ముద్ద కలుపుతాను. ఇంత రేటు ఎందుకని అడిగితే పాత పాఠమే చెబుతాను గానీ, ఆ పాట కూర్చుని వినడం కూడా ఆ రేటులో భాగమేనని చివర్లో కలుపుతాను.