చేతి కొలత

నంద్యాలలో మా ఎదురింటి పెద్దమ్మకు ఎప్పుడూ నా చెయ్యి కావాల్సి వచ్చేది. ఆమె కొడుకూ నేనూ ఒకీడువాళ్లం. వాడు మిలిటరీలో చేరి మంచుకొండల్లోకి పోయినాడు. నేను ఆళ్లగడ్డలో రాతిబొమ్మలు చెక్కే పనికి కుదిరినాను. నేను ఇంటికొచ్చినప్పుడల్లా, చెప్పులు విడవకముందే పెద్దమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకునేది.

"చెయ్యి ఇట్ట పెట్టప్పా. నీదీ వానిదీ ఒకటే కొలత."

సగం అల్లిన ఊలు గ్లౌజు తొడిగేది. నాలుగు వేళ్లకూ కలిపి ఒకటే సంచి, బొటనవేలికి పక్కన చిన్న తొడుగు. నంద్యాల ఎండకు లోపల నా చెయ్యి చెమటతో నానిపోయేది. రాయి పట్టి గరుకెక్కిన వేళ్లకు పోగులు తగులుకుంటే కసిరేది.

"సర్కారోళ్లు ఇస్తారు గదా పెద్దమ్మా?"

"ఇయ్యనీ. ఇవి లోపలేసుకుంటాడు."

పోయినేడు కొన్నాళ్లు వాడు వీడియో కాల్ మానేసినాడు. సిగ్నల్ లేదని ఒట్టి గొంతే వినిపించేవాడు. ఆ రోజుల్లోనే ఆమె నాకు కుడిచేతి గ్లౌజు తొడగబోయింది. బొటనవేలికి తొడుగు లేదు.

"మర్చిపోయినావే పెద్దమ్మా!"

"మర్చిపోలేదు. కుడిదానికి వద్దన్నాడు. ఎందుకురా అంటే, ఊరికే లేమ్మా అన్నాడు."

ఆమె నా బొటనవేలిని అరచేతిలోకి మడిచి, అదిమిపట్టి, గ్లౌజు పైకి లాగింది.

"సరిపోయిందిలే," అనింది, నా మొగం చూడకుండా.

చానాసేపు ఆ వేలు వదల్లేదు.