చెల్లెలికి రెండు పాళ్లు

ఆసుపత్రి ల్యాబులో ఇరవై రెండేళ్లుగా మలేరియా స్లైడ్లు చూసే ఉద్యోగం ఆమెది. వీధంతా జ్వరాలతో మంచమెక్కినప్పుడు కూడా, ఆమెకు మాత్రం ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడి తగ్గిపోయేది. "దోమలు నీకు దండం పెట్టి పోతాయక్కా," అనేవాడు ఎక్స్‌రే అతను. అందరికీ ఆమె దోమలక్క అయిపోయింది.

మలేరియా కొందరిని ముంచేసి, కొందరిని ఎందుకు వదిలేస్తుందో తేల్చాలని నాలుగు దేశాల పరిశోధకులు ఆ ఊరికి వచ్చారు. దోమలక్క వందల మంది రక్తం తీసి, తన రక్తమూ ఇచ్చింది. ఏడు నెలల తర్వాత ఆ బృందంలోని డాక్టరమ్మ ఆమెను పిలిచింది.

"మీకు సికిల్ సెల్ జన్యువు ఒక పాలు ఉందండీ, అంటే అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే వచ్చింది. మలేరియాను ముదరనివ్వనిది అదే."

"అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా వస్తే?"

"రెండు పాళ్లయితే అదే సికిల్ సెల్ జబ్బవుతుంది. కీళ్ల నొప్పులు, పచ్చబడ్డ కళ్లు..."

చదువుకున్న సంగతే. ఇంటికి ముడిపెట్టి ఎన్నడూ ఆలోచించలేదు. చెల్లెలు తొమ్మిదేళ్లకు సరిగ్గా అలాగే పోయింది.

"మా చెల్లి కూడా..."

"అయ్యుండొచ్చు. ఆమె రక్తం చూడకుండా చెప్పలేనండీ."

చెల్లెల్ని వానలో తడవనిచ్చినందుకే పోయిందని అమ్మ ముప్పై ఏళ్లుగా తనను తాను తిట్టుకుంటోంది. కనీసం ఆ బరువైనా దించుదామని దోమలక్క పరుగున ఇంటికి వెళ్లింది. అమ్మ గిన్నెలు తుడుస్తోంది.

"అమ్మా, చెల్లి వాన వల్ల పోలేదేమో. రక్తంలో ఉండే ఒక జబ్బు నీ నుంచి ఒక పాలు, నాన్న నుంచి ఒక పాలు దానికి వచ్చి ఉంటుందట. అందులో సగమే నన్ను బతికించిందట."

అమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "నేనిచ్చిందే నిన్ను కాపాడి, దాన్ని తీసుకుపోయిందా? ఇదేం న్యాయమే?"

"తప్పు నీది కాదని చెప్పడానికొచ్చానమ్మా."

"వానైతే తిట్టుకోవడానికైనా ఉండేది."

మంచి చేశానో, పుండు మీద కారం చల్లానో దోమలక్కకు అంతుపట్టలేదు.

మర్నాడు అమ్మే ల్యాబుకొచ్చి చెయ్యి చాపింది. వందల మందికి సూది గుచ్చిన దోమలక్క చెయ్యి ఆ రోజు నరం తప్పింది. రెండోసారికి రక్తం వచ్చింది. పది రోజులకు తేలింది, అమ్మకూ ఒక పాలు ఉంది. నాన్న ఎప్పుడో పోయాడు, ఆయన సంగతి ఎవరూ చెప్పలేరు.

పరిశోధకులిచ్చిన తన ఫారంలో "ఈ జబ్బుతో చనిపోయిన కుటుంబసభ్యులు" అన్న గడి దగ్గర దోమలక్క కలం ఆగింది. "చెల్లెలు" అని రాసి కొట్టేసింది. "తెలియదు" అని రాసి అదీ కొట్టేసింది.

"ఏం రాయనండీ?"

"మీకు తోచింది రాయండి," అంది డాక్టరమ్మ.

కొట్టివేతల పక్కన మిగిలిన చోటులో ఆమె చెల్లెలి వయసు ఒక్కటే రాసింది.