బోరుకు పోయిన పొయ్యి వైరు

ఉద్యోగ విరమణకు రెండేళ్లు ఉందనగా, ఒక ఫిబ్రవరిలో నన్ను భూపాలపల్లి నుంచి రఘునాథపల్లి దగ్గరి సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజినీరుగా బదిలీ చేశారు. కరెంటు శాఖలో లైన్‌మన్ స్తంభాలెక్కుతాడు, ఇంజినీరు తిట్లు తింటాడు. యాసంగి వరికి నీళ్లు చాలని రోజులు కాబట్టి నాకు నా వాటా బాగానే అందేది.

అందుకే రజిత అనే అమ్మాయి లోడు పెంచమని వచ్చినప్పుడు ముచ్చటేసింది. ఆమె అడిగింది పొలం మోటారుకు కాదు, కరెంటు పొయ్యికి. హన్మకొండలో కేకులు చేయడం నేర్చుకుని, నాలుగు ప్లేట్లు, కింద ఓవెన్ ఉన్న పెద్ద పొయ్యి కొనుక్కుంది. జనగామ నుంచి బైకు మీద తెచ్చే కేకు ఊరు చేరేసరికి క్రీమంతా డబ్బా మూతకే అంటుకుంటోందట. ‘‘పిల్లలు మూత నాకుడేనా సార్? ఈడనే చేస్త,’’ అంది.

నిబంధన ప్రకారం మీటరు దాకా మా బాధ్యత, అది దాటితే ఇంటివాళ్లది. అయినా లోపలికి వెళ్లి చూశాను. నాలుగున్నర కిలోవాట్ల పొయ్యి, అంటే సుమారు ఇరవై ఆంపియర్లు లాగుతుంది. మామూలు ప్లగ్గు పనికిరాదు. మీటరు బోర్డు నుంచి విడిగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, మధ్యలో అతుకు లేకుండా, ఎర్తు తీగతో సహా వేయమన్నాను. లోడు మించితే తనంతట పడిపోయే ఎంసీబీ ఇరవై అయిదు ఆంపియర్లది పెట్టమన్నాను.

రజిత మామ రాజిరెడ్డికి ఇది రుచించలేదు. ఊళ్లో బోరు మోటారు దింపాలన్నా ఎత్తాలన్నా ఆయనే ఉండాలి. కొట్టంలో చుట్టి పెట్టిన పాత మోటారు వైరు చూపించి, ‘‘అయిదు హెచ్‌పీ మోటరును గుంజిన వైరు సారూ గిది. పొయ్యిని గుంజదా?’’ అన్నాడు. మా దిక్కు రైతులందరి లెక్కా ఇదే. అది తప్పని విడమరిచి చెప్పాను. మోటారుకు మూడు ఫేజులు, తీగకు ఎనిమిది ఆంపియర్లే పడతాయి. పొయ్యికి ఒకటే ఫేజు, ఇరవై ఆంపియర్లూ ఒక్క తీగే మోయాలి. పైగా ఆ వైరుకు మూడు చోట్ల అతుకులు. ఇదంతా విన్నాక, ‘‘అంటే ముగ్గురు మోసే మూట ఒక్కని నెత్తిన పెట్టినట్టా?’’ అన్నాడు. అంతేనన్నాను. మర్నాడే జనగామ పోయి సరైన కేబుల్ తెచ్చాడు. బిగించాక నేనే చూశాను, వంక పెట్టడానికి ఏమీ లేదు. మొదటి కేకులో మా ఆఫీసుకూ వాటా వచ్చింది.

మార్చిలో వాళ్ల బోరు దగ్గర దొంగలు పడి, స్టార్టరు డబ్బా నుంచి బోరు దాకా ఉన్న రాగి వైరు కోసుకుపోయారు. వరి పొట్ట మీద ఉంది. ఆ దశలో తడి తప్పితే తాలే మిగులుతుంది. చుట్టుపక్కల అన్ని ఊళ్లలోనూ అదే దొంగతనం కావడంతో దుకాణాల వాళ్లు కేబుల్ రేపు, మాపు అంటున్నారు. అప్పుడు రజితే అన్నదట: ‘‘పొయ్యి వైరు తీస్కపో మామా. కేకు ఆగుతది, పొలం ఆగది.’’

అతుకుల వైరు తడి పొలంలో వేస్తే ప్రాణాలు పోతాయని రాజిరెడ్డికి తెలుసు. అందుకే మంచి వైరు బోరుకు వేశాడు. ఇంతలో ఎవరో పుట్టినరోజుకు పెద్ద కేకు చెప్పారు. కోడలి మాట పోవద్దని, కొట్టంలోని పాత వైరు తెచ్చి ఆయనే పొయ్యికి బిగించాడు. పొడిగా ఉండే వంటగదిలో దానితో భయమేముంది అనుకున్నాడు. నీళ్లతో వచ్చే ప్రమాదం ఎరిగిన మనిషికి వేడితో వచ్చేది తట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఓవెన్ చాలాసేపు నడిచింది. అతుకు కాలి, దాని మీది టేపు అంటుకుని, పక్కనున్న మైదా సంచులకు మంట పాకింది. ఎంసీబీ పడలేదు. అందులో దాని తప్పు లేదు, పొయ్యి లాగింది ఇరవై ఆంపియర్లే. రజిత సంచి లాగబోతే కరిగిన ప్లాస్టిక్ కుడి అరచేతికి అంటుకుంది.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు నేను తనిఖీకి వెళ్లాను. మీటరు దాకా అంతా సవ్యంగానే ఉంది. రాజిరెడ్డి నా మొహం చూడలేదు. ‘‘మూట సంగతి మీరు చెప్పిండ్రు సారూ. రెండు దినాలే గదా అనుకున్న,’’ అన్నాడు.

ఆ ఏడు వాళ్ల వడ్లు బాగా పండాయి. రజిత చేయి మానింది కానీ రెండు వేళ్లు ముడుచుకుపోయాయి, క్రీము కోను పిండటం ఇక కుదరలేదు. రాజిరెడ్డి మళ్లీ ఎవరి మోటారూ ముట్టలేదు. తలుచుకుంటే ఇప్పటికీ బాధే. కోపమైనా తెచ్చుకుందామంటే ఆ ఇంట్లో తప్పు మనిషి ఒక్కరూ లేరు.

మిగిలిన సర్వీసులో ఎవరైనా పొయ్యికి ఏ వైరు వేయాలని అడిగితే, మీ బోరు దగ్గర వైరు ఎట్లా ఉందని ముందు అడిగేవాణ్ని. బాగా లేకుంటే మొదట అది కొనమనేవాణ్ని. పొలం ఉన్న ఇంట్లో వంటగదికి ఎంత మంచి వైరు వేసినా, అవసరం పడిన రోజు అది పొలానికే పోతుంది.